ఎర్రజెండా మీద ఉక్కు చువ్వ

పాల్వంచలో బస్సులు ఆగే చోట ఒక టీ కొట్టు ఉంది. దాని ముందు, ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చున్నాడు సంతోష్. కిరాయి కారు డ్రైవరు. గ్లాసు పెదాల దాకా వెళ్లింది. అంతే, మనిషి ముందుకు ఒరిగిపోయాడు. తుపాకీ మోత లేదు, బైకు మీద ముసుగు మనుషులు లేరు. షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడ్డ జనం గుండెపోటు అనుకున్నారు. దవాఖానాలో డాక్టరు మాత్రం నడినెత్తిన ఉన్న రంధ్రం చూసి, లేచి వెళ్లి గది తలుపు గడియ పెట్టాడు.

మర్నాడు పొద్దున, బెంచీ చెక్కను చీల్చుకుని నేలలో దిగబడిన ఉక్కు చువ్వ ఒకటి దొరికింది. వేలంత లావు, జానెడున్నర పొడుగు. ముందు సూదిమొన, వెనక మూడు చిన్న రెక్కలు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. పోలీసులు ఆకాశం మీద కేసు పెట్టలేరు కాబట్టి, ఫైలు సరళ మేడం టేబుల్ మీదికి వచ్చింది.

ఖమ్మంలో పేరు బోర్డు లేని ఒక గెస్ట్‌హౌస్. ఏసీ నడవడం లేదు. సరళ మేడం డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లుగా ఉంది, ఇప్పటిదాకా ఎవరికీ శుభవార్త చెప్పిన దాఖలా లేదు. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ హరిలాల్. తిరుమలాయపాలెం మండలంలో ఒక తండా వాడు. ఊళ్లో అతను బ్యాంకులో పనిచేస్తున్నాడని అనుకుంటారు. లోన్లు ఇప్పించమని ఫోన్లు కూడా చేస్తుంటారు.

"చూడు హరిలాల్." మేడం రెండు తెల్లకాగితాలు తీసింది. ఒకదాన్ని ఉండ చుట్టింది. రెండూ ఒకేసారి వదిలింది. ఉండ టక్కున నేల మీద పడింది. రెండోది అటూ ఇటూ ఊగి ఊగి సోఫా కిందికి పోయింది.

"రెండిటి బరువు ఒకటే. భూమి గుంజుడు ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?"

"గాలి."

"అవ్. గాలే లేకపోతే ఈకైనా ఇనుమైనా ఒక్కతీరుగ పడతయ్. గాలి అడ్డం వస్తది కాబట్టి వెడల్పుది ఆగుతది, సన్నది దూసుకపోతది. వీడు ఆ సన్నదాన్ని ఆయుధం చేసిండు. డ్రోన్‌ను అర కిలోమీటరు పైకి లేపుతడు. కింద ఎవ్వరికి వినపడది. చువ్వ వదులుతడు. పది సెకన్లల్ల నేల మీద ఉంటది. అప్పటికి దాని స్పీడు గంటకు మూడొందల కిలోమీటర్ల పైన."

"వీడంటే ఎవడు మేడం?"

"కార్వెల్."

ఏ దేశం తరఫున అన్నది ఫైల్లో నల్లగా కొట్టేసి ఉంది. ఢిల్లీకి తెలుసు, ఖమ్మం దాకా ఆ సంగతి రాలేదు. మణుగూరు చుట్టూ ఉన్న కాలనీల్లో ఎవరు ఏం పని చేస్తారు, ఏది ఎక్కడికి పోతుంది అన్నది కూపీ లాగుతున్న ముఠాకు అతను పెద్ద. పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి, ఫోటో ఒక్కటీ లేదు. సొంత మనుషుల్లో కూడా అతన్ని ఎదురుగా చూసినవాళ్లు తక్కువ.

"పోయిన నెల కార్వెల్ సంతోష్ కారుల మణుగూరు దిక్కు పోయిండు," అంది సరళ. "ఓపెన్‌కాస్ట్ బొగ్గు బాయి పక్క రోడ్డు మీద బ్లాస్టింగ్ టైమైంది. ఎర్రజెండా పట్టుకొని వెంకన్న అనేటాయన బండ్లన్నీ ఆపిండు. ఈయన కారు దిగి సిగరెట్ ముట్టించిండు. వెంకన్న వచ్చి నోట్లకెల్లి ఆ సిగరెట్ గుంజి చెప్పుకింద నలిపిండు. ఇన్ని దేశాల పోలీసులు అంటుకోలేని మనిషిని, మన బాయి మనిషి గట్ల అంటుకున్నడు."

హరిలాల్ నవ్వబోయి ఆగాడు. "అంటే మొఖం చూసింది ఇద్దరు. సంతోష్ పోయిండు."

"మిగిలింది వెంకన్న. రోజూ సైరన్ మోగినప్పటి నుంచి మళ్లీ సైరన్ మోగేదాకా ఒక్కటే జాగల, ఎండల, కదలకుండ నిలవడుతడు. డ్యూటీ అది. పైనుంచి కొట్టేటోనికి అంతకన్న ఏం కావాలె? నెత్తి పగిలితే బ్లాస్టింగ్ రాయి తగిలిందని రాస్తరు. ఎంక్వైరీ కూడ ఉండది. సోమవారం కొడతడంట."

"డ్యూటీ మార్పిస్తే అయిపాయె గద."

"మార్పిస్తే పద్మప్రియ పోతది."

పద్మప్రియ భద్రాచలంలో బొటిక్ నడుపుతుంది. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకోని ఆఫీసర్ల భార్యలు ఆ జిల్లాలో లేరు. ఆ భార్యల మాటలు పోగేసి అమ్మే మనిషి అని కార్వెల్ ముఠా నమ్మకం. ఆ ముఠా మాటలు పోగేసి తెచ్చే మనిషి అని మన నమ్మకం. వెంకన్న పేరు ముఠాలో ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో ఆమె ఒకతి. వెంకన్న జెండా దగ్గర కనపడకపోతే కార్వెల్ మొదట ఎవరిని అడుగుతాడో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"డ్రోన్ లింకు సిగ్నల్ దొరికితే అతను ఎక్కడ కూసున్నడో మన డబ్బా చెప్తది," అంది సరళ. "కాకపోతే దానికి నిమిషం కావాలె. డ్రోన్ ముందే పెట్టిన దారిన అదే పోతది, చువ్వ వదిలేటప్పుడే అతను లింకు ఆన్ చేస్తడు, అది నేల తాకంగనే బంద్ చేస్తడు. వదిలింది ఎక్కడ పడ్డదో చూడనిది లేవడు. అదొక జబ్బు. కానీ మొత్తం పది సెకన్లే."

"అంటే వెంకన్నను ఎరగ పెట్టి, అది కూడ దండుగ అయితదని తెలిసి కూసుంటున్నం."

"అవ్," అంది సరళ, సోఫా కిందికి వంగి ఆ కాగితం తీసుకుంటూ. "వెంకన్నకు చెప్పొద్దు. చెప్తే మనిషి ఊకె పైకి చూస్తడు."

*

హరిలాల్ వేషం ఐస్‌క్రీం బండి. పైన పుల్ల ఐసు, కింద సిగ్నల్ పట్టే యంత్రం. యంత్రానికి చల్లదనం పడదని తయారుచేసినవాళ్లు రాసి పంపారు. ఐస్‌క్రీం బండిలో పెట్టమన్నది కూడా వాళ్లే. చేతికి ఒక వాచీ ఇచ్చారు. డ్రోన్ లింకు ఆన్ కాగానే అది వణుకుతుంది. టైము మాత్రం తప్పు చూపిస్తుంది.

ఓపెన్‌కాస్ట్ రోడ్డు మీద బండ్లు ఆగే చోట రోజూ ఇద్దరు ముగ్గురు ఏదో ఒకటి అమ్ముకుంటారు. రెండు రోజుల్లో హరిలాల్ వాళ్లలో కలిసిపోయాడు. వెంకన్నకు యాభై దాటాయి. బక్క మనిషి, గొంతు మాత్రం లారీ హారన్ను మించింది.

"ఏం తమ్మి, అమ్ముడుపోతున్నయా?"

"ఏదో అన్నా. మీరు ఆపితేనే మాకు బేరం."

"ఆపుడు నాతోని ఏడైతున్నది? జెండా చూడు." వెంకన్న కర్రకు కట్టిన గుడ్డ విప్పి చూపించాడు. ఎప్పుడో ఎర్రగా ఉండేదట. ఇప్పుడు ఉతికిన బనీను రంగులో ఉంది, కింద సగం చినిగిపోయింది. "కొత్తది ఇయ్యమని అడిగి అడిగి యాష్టకొచ్చింది. లారోళ్లు దీన్ని చూసి, ఎవడో తువ్వాల ఆరేసుకుంటుండు అనుకొని పోతున్నరు. మా ఆవిడ వెంకమ్మ తన పాత చీర చింపిస్తనన్నది. పూలచీర పట్టుకొని నిలవడితే నలుగురు నవ్వరా?"

మాట్లాడుతూనే ఒక బైకు అబ్బాయి చేతిలోంచి ఫోన్ లాక్కుని స్విచ్ ఆఫ్ చేసి వాడి జేబులోనే పెట్టాడు. మందు పాతిన చోటికి దగ్గరలో ఫోన్లు, సిగరెట్లు కూడదని రూలు. ఆ తర్వాత సైరన్ మోగింది. వెంకన్న రోడ్డు నడుమ తెల్లరంగు పూసిన బండ మీద నిలబడ్డాడు. కదల్లేదు. హరిలాల్ వద్దనుకుంటూనే పైకి చూశాడు. ఎండకు తెల్లబడిన ఆకాశం, అటు పక్క జామాయిల్ తోటలు, వాటి వెనక అడవి. ఈ మనిషిని బతికించే దారి ఒక్కటి కూడా అతనికి కనపడలేదు.

*

"మా చెల్లె బ్లౌజు అయ్యిందా?"

"కుట్టుడు అయ్యింది. హుక్కులు మిగిలినయ్. లోపలికి రండి."

కోడ్ మాట అయ్యాక పద్మప్రియ తెర లాగింది. చెవులకు వేలాడే జుంకాలు, భుజం మీద సన్నటి జరీ అంచుతో ఎర్ర చున్నీ. ఆమె గదిలోకి వస్తే గదిలో వెలుతురు పెరిగినట్టు ఉంటుందని హరిలాల్ ఎన్నోసార్లు అనుకున్నాడు, ఎప్పుడూ రిపోర్టులో రాయలేదు. ఆమె మీద అతనికి ప్రేమ. మూడేళ్లయింది. చెప్పలేదు, ఎందుకంటే చెబితే ఇద్దరిలో ఒకరిని ట్రాన్స్‌ఫర్ చేస్తారు.

"సోమవారం అతనే స్వయంగ వస్తుండు," అంది ఆమె గొంతు తగ్గించి. "నన్ను కూడ తీస్కపోతరంట. ఎక్కడికో చెప్పరు, ఫోన్లు ముందే గుంజుకుంటరు. చువ్వ పెట్టే నైలాన్ తొడుగు నేను కుట్టిందే. డ్రోన్‌కు తగిలించేది కూడ నేనే."

"చువ్వను చెడగొట్టలేవా? ఆ రెక్కలు వంచితే?"

"ఎగిరేముందు చేతిల తిప్పి తిప్పి చూస్తడంట. తొడుగుల మాత్రం చెయ్యి పెట్టడు. ఆడోళ్ల కుట్టు పని ఆయన చూడడు."

ఫ్యాను కిందికి ఒక దారప్పోగు ఎగిరి మెల్లగా వాలింది. హరిలాల్ దాన్నే చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని, ఇంటి సంగతి ఎత్తాడు.

"మా అమ్మ కళ్లంల తూర్పార పట్టేది. చాట ఎత్తి పోస్తే గింజ కాళ్ల కాడ పడేది, పొట్టు అంత దూరం పోయేది. గింజను గాలి పట్టుకుంటలేదా అమ్మా అని అడిగితే, పట్టుకుంటనే ఉంది బిడ్డా, దానికి పట్టు దొరుకుతలేదు అన్నది."

పద్మప్రియ కత్తెర కింద పెట్టింది. చున్నీ కొసను వేళ్ల మధ్య నలిపింది, మడిచింది, మళ్లీ మడిచింది. మడిస్తే ఆ చున్నీ ఆమె పిడికిట్లో పట్టేసింది. అప్పుడు హరిలాల్‌కు అర్థమైంది.

"ప్రియా, వద్దు."

"గాలికి పట్టు దొరికితే చాలు గద," అంది ఆమె. "తొడుగుల మడిచి పెడత. కొస రెక్కలకు ముడేస్త. వదిలినంక అదే విచ్చుకుంటది. పది సెకన్లల్ల పడేది నిమిషం దాటి పడతది. వెంకన్న నెత్తి మీద పడదు, పడ్డా ప్రాణం పోదు. పడేదాకా ఆయన లింకు బంద్ చెయ్యడు. మీ డబ్బాకు నిమిషమే గద కావాల్సింది."

"అతను స్క్రీన్ మీద చూస్తడు. నీ పక్కన కూసొని చూస్తడు. ఎర్ర చున్నీ ఎవరిదో అడగాల్నా?"

"వేరే గుడ్డైనా తొడుగు నాదే గద హరీ. ఏ రంగైతేంది?" ఆమె కళ్లెత్తి చూసింది. "ఆ వెంకన్న జెండా వెలిసిపోయిందన్నవు గద మొన్న. ఎర్రదైతే నీకు దూరంకెల్లి కనపడతది. చేసిన్నో లేదో నీకు ఎరుక కావాలె. లేకపోతే నువ్వు ఆయన మీదికి దుంకుతవు. నాకు తెలుసు నీ సంగతి."

"దుంకుత."

"దుంకితే అన్నీ పోతయ్. అతను తప్పించుకపోతడు, నేను పోత. దుంకకు. తర్వాత మీరు జల్దీ రండి, చాలు."

బండి ఎంత జల్దీ వచ్చినా తుపాకీ కంటే జల్దీ రాదని ఇద్దరికీ తెలుసు. ఆమె అతని చేతికి ఒక బ్లౌజు ప్యాకెట్టు ఇచ్చి పంపింది. హరిలాల్‌కు చెల్లెళ్లు లేరు.

*

సోమవారం మధ్యాహ్నం. జామాయిల్ కర్ర వేసుకుపోయే లారీలో, వీరేందర్ అనే ఆఫీసరు నడిపే రైడ్ టీము తోటల మధ్య మట్టి రోడ్డు మీద కాచుకుని ఉంది. తోటలు మైళ్ల కొద్దీ ఉన్నాయి, షెడ్లు లెక్కలేనన్ని. వీరేందర్ చెవిలో సరళ మేడం, హరిలాల్ చెవిలో సరళ మేడం.

సైరన్ మోగింది.

లారీలు, బస్సు, బైకులు ఆగాయి. వెంకన్న తెల్ల బండ ఎక్కి ఆ వెలిసిన గుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. ఎవరో పుల్ల ఐసు అడిగారు. హరిలాల్ ఇచ్చాడు, డబ్బులు తీసుకోవడం మరిచిపోయాడు.

వాచీ వణికింది.

చువ్వ గాల్లోకి వచ్చేసింది. హరిలాల్ లోపల లెక్క మొదలైంది. ఒకటి. రెండు. పైన ఏమీ లేదు. మూడు. వెంకన్న ఎవడినో తిడుతున్నాడు. నాలుగు. ఆమె చేయలేకపోయి ఉంటే? చున్నీ తొడుగులో ఇరుక్కుంటే? ఐదు. అర కిలోమీటరు ఎత్తులో ఉక్కు ముక్క ప్రతి సెకనుకూ ముందటి కంటే వేగంగా దిగుతూ ఉంటుంది, భూమి దాన్ని ఒక్క క్షణం కూడా వదిలిపెట్టదు. ఆరు. ఇంక ఆగలేకపోయాడు. బండి వదిలి ఒక అడుగు వేశాడు.

అప్పుడు కనపడింది. బాగా పైన, ఎండలో ఒక ఎర్ర చుక్క.

ఏడు దాటింది, ఎనిమిది దాటింది, పది దాటింది. వెంకన్న అలాగే నిలబడి ఉన్నాడు. చుక్క పొడుగైంది, తోక అయింది, గాలికి పడగలా విచ్చుకుంది. దాని కింద చువ్వ వేలాడుతూ అటూ ఇటూ ఊగుతోంది. బరువు అదే, భూమి లాగడమూ అదే. గాలికి పట్టు దొరికింది, అంతే. హరిలాల్ వెనక్కి వచ్చి ఐసు డబ్బా మూత ఎత్తాడు. లోపల యంత్రం వెతుకుతోంది. సగం. సగానికి పైన. అక్కడ ఎక్కడో ఒక షెడ్డులో కార్వెల్ ఇదే ఎర్ర గుడ్డను పైనుంచి చూస్తున్నాడు. అది మెల్లగా దిగిన ప్రతి సెకనూ వెంకన్నకు ప్రాణం పోస్తోంది, ఆమె దగ్గర తీసుకుంటోంది. ఇది తొందరగా పడిపోవాలని కోరుకోవాలో, ఎప్పటికీ పడకూడదని కోరుకోవాలో హరిలాల్‌కు తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందిరా అది, పతంగా?" అన్నాడు లారీ డ్రైవరు.

"పతంగి ఈ ఎండల ఎవడు ఎగిరేస్తడు," అన్నాడు వెంకన్న తల తిప్పకుండానే. డ్యూటీలో అతను రోడ్డు వైపే చూస్తాడు.

గాలి దాన్ని పక్కకు తోసింది. డేంజర్ అని రాసిన రేకు బోర్డు మీదికి వాలుతోంది. చెట్టంత ఎత్తు. మనిషంత ఎత్తు. డబ్బాలో పచ్చ దీపం వెలిగింది.

టంగుమని చువ్వ రేకుకు తగిలి, చున్నీ ముడి ఊడి, రోడ్డు మీద దొర్లింది. వాచీ వణకడం ఆగిపోయింది. లింకు బంద్.

"దొరికింది మేడం," అన్నాడు హరిలాల్. "జామాయిల్ తోటల చివర, వాగు ఒడ్డు షెడ్డు. వీరేందర్‌కు దగ్గర్లనే."

అవతల లారీ స్టార్టయిన చప్పుడు వినపడింది. తర్వాత ఎంతసేపో ఏమీ లేదు. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరింది, బస్సు అద్దాలు గలగలమన్నాయి, దుమ్ము లేచింది. ఆ మోతలో ఇంకే మోత కలిసిందో రోడ్డు మీద ఎవరికీ తెలియలేదు.

"కార్వెల్ దొరికిండు," అంది సరళ చెవిలో. "కుర్చీల కూసొనే ఉన్నడు. డ్రోన్, కంట్రోలు, తుపాకీ అన్నీ దొరికినయ్."

"ఆమె?"

"లేట్ అయింది హరీ," అంది.

రెండో సైరన్ మోగింది. బండ్లు కదిలాయి.

*

సాయంత్రం వెంకన్నను ఒక కాలనీ క్వార్టరుకు పిలిపించారు. అక్కడే బేడీలతో కార్వెల్. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, బడి పంతులులా ఉన్నాడు. ఎవరికీ తెలియకూడదని ఇద్దరి ప్రాణం తీసిన ముఖం అది. హరిలాల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వెంకన్నా, ఈయనను గుర్తుపట్టు," అంది సరళ. "పోయిన నెల నువ్వు సిగరెట్ గుంజింది ఈయన నోట్లకెల్లే."

వెంకన్న ముందుకు వంగి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఏమో మేడం. రోజుకు వందమందిని ఆపుత. మొఖాలు ఎవడు చూస్తడు? చేతులల్ల ఫోనున్నదా, నోట్లె సిగరెట్ ఉన్నదా, అది చూస్త. సిగరెట్ అయితే యాదికున్నది. పొడుగుది, బంగారు రంగు అంచు. మనిషి మాత్రం ఎరుక లేడు."

కార్వెల్‌కు తెలుగు రాదు. అందరి ముఖాలూ చూసి, ఏమన్నాడని ఇంగ్లిష్‌లో అడిగాడు. హరిలాల్ ఒక్క మాట వదలకుండా తర్జుమా చేసి చెప్పాడు. ఉద్యోగంలో అతను అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు. కార్వెల్ చాలాసేపు బేడీల వంక చూసుకున్నాడు. హరిలాల్‌కు ఆ సంతోషం గుమ్మం దాటే దాకా కూడా నిలవలేదు. సంతోష్ ఊరికే పోయాడు. ఆమె ఊరికే పోయింది. చంపాల్సిన అవసరమే లేని మనిషి కోసం ఇదంతా జరిగింది.

మూడో రోజు ఢిల్లీ నుంచి ఫోన్. కోర్టుకు సాక్ష్యంగా చూపాల్సిన ఎగ్జిబిట్లలో చువ్వ ఉంది, దానికి కట్టిన చున్నీ ఏదీ అని. హరిలాల్ మళ్లీ ఓపెన్‌కాస్ట్ రోడ్డుకు పోయాడు. ఈసారి ఐస్‌క్రీం బండి లేదు.

సైరన్ అప్పుడే మోగింది. వెంకన్న తెల్ల బండ మీద ఉన్నాడు. కర్రకు నిగనిగలాడే ఎర్ర చున్నీ, సన్నటి జరీ అంచు ఎండలో మెరుస్తోంది. దూరానే లారీలు వరసగా ఆగిపోతున్నాయి. హరిలాల్ తెల్ల బండ దాకా నడిచాడు.

"అన్నా, అది గవర్నమెంటుది. వాపస్ ఇయ్యాలె."

"ఎవరిదో పాపం, గాలికి కొట్టుకొచ్చింది," అన్నాడు వెంకన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మంచి గుడ్డ తమ్మి, ఒక్క లారోడు దాటుతలేడు. ఇస్తలే, ఏడికి పోత? ముందు మీ గవర్నమెంటోళ్లను నాకొక కొత్త జెండా ఇప్పియ్యమను."

హరిలాల్ వెనక్కి వెళ్లి ఢిల్లీకి రిపోర్టు పంపాడు: ఎగ్జిబిట్ ప్రస్తుతం డ్యూటీలో ఉంది.